రాయి ఏ ఊరిదో చెప్పే కాగితం

మేడ్చల్‌లో గానీ శామీర్‌పేటలో గానీ రెండు వందల గజాల ప్లాటు కొనేవాళ్లు మొదట అడిగేది లింకు డాక్యుమెంట్లు. అమ్ముతున్నాయన ఎవరి దగ్గర కొన్నాడు, వాళ్లకు ఎలా వచ్చింది, పాత పహాణీల్లో పట్టాదారు ఎవరు, ఈసీలో ఎక్కడైనా తేడా ఉందా అని ముప్పై ఏళ్లు వెనక్కి పోయి చూస్తారు. మధ్యలో ఒక్క లింకు తెగినా, ధర ఎంత తక్కువైనా, వద్దంటారు. పేరుమోసిన మ్యూజియాలు కోట్లు పోసి శిల్పాలు కొన్నప్పుడు ఈపాటి జాగ్రత్త కూడా తీసుకోలేదని గత పదిహేనేళ్లలో ఒక్కో కేసుగా బయటపడుతూ వచ్చింది. వస్తువు పుట్టిన చోటు ఏది, ఎవరెవరి చేతులు మారి ఈ అద్దాల పెట్టెలోకి చేరింది అనే పూర్వాపరాల లెక్క ఇవాళ మ్యూజియాలకు తప్పించుకోలేని ప్రశ్న అయింది. పశ్చిమాఫ్రికా కంచు శిల్పాలతో ఊపందుకున్న ఈ చర్చకు మన కృష్ణాతీరంతోనూ హైదరాబాద్ సంస్థానంతోనూ సూటిగా సంబంధం ఉంది.

ముందు ఆ ఆఫ్రికా సంగతి. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరం మీద పడి రాజప్రాసాదాన్ని కొల్లగొట్టింది. రాజు ఓబా ఓవొన్‌రామ్వెన్‌ను కలబార్‌కు పంపేశారు. కంచు అని పిలుస్తున్నా చాలా మటుకు ఇత్తడివైన ఆ శిల్పాలు, దంతపు చెక్కడాలు వేల సంఖ్యలో యూరప్‌కు తరలాయి. దాడికి అయిన ఖర్చు రాబట్టుకోవడానికి కొన్నిటిని అమ్మారు కూడా. చేసినవాళ్లే రాసిపెట్టుకున్న దోపిడీ ఇది, కాబట్టి ఎవరు తీసుకున్నారన్న వాదనే లేదు. అయినా తిరిగి ఇవ్వడానికి నూట పాతికేళ్లు పట్టింది. 2021లో కేంబ్రిడ్జిలోని జీసస్ కాలేజీ ఒక కంచు కోడిపుంజును, అబర్‌డీన్ విశ్వవిద్యాలయం ఒక రాజు తలను అప్పగించాయి. 2022లో జర్మనీ ప్రభుత్వం తన మ్యూజియాల్లోని వాటి మీద హక్కును నైజీరియాకు బదలాయించింది. అదే ఏడు అమెరికా స్మిత్‌సోనియన్ 29, లండన్ హార్నిమన్ మ్యూజియం 72 వస్తువుల మీద హక్కు వదులుకున్నాయి. తొమ్మిది వందలకు పైగా వస్తువులున్న బ్రిటిష్ మ్యూజియం మాత్రం కదలలేదు.

2022 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగర పాలకులు చేసిన తీర్మానంలో బెనిన్, హైదరాబాద్ ఒకే జాబితాలోకి వచ్చాయి. మొత్తం 51 వస్తువులు ఇచ్చేస్తామన్నారు. అందులో 19 బెనిన్‌వి, 25 అమెరికా ఆదివాసులైన లకోటాలవి, ఏడు మన దేశానివి. మన ఏడింటిలో ఆరు 19వ శతాబ్దిలో ఉత్తరాది గుళ్ల నుంచి తీసుకుపోయినవి. ఏడోది నిజాం సంగ్రహంలోని ఒక తల్వార్. పాములా వంపు తిరిగి, అంచు రంపపు పళ్లలా ఉండి, మీద బంగారు గీతల్లో ఏనుగు, పులుల బొమ్మలున్న కత్తి అది. 1903 ఢిల్లీ దర్బారులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని ప్రదర్శించాడు. రెండేళ్లకు, 1905లో, బొంబాయి సైన్యాధిపతి జనరల్ ఆర్చిబాల్డ్ హంటర్ చేతికి చేరింది. 1978లో హంటర్ కుటుంబీకులు గ్లాస్గోకు దానం చేశారు. 2022 ఆగస్టు 19న కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో భారత హైకమిషన్ అధికారుల సమక్షంలో హక్కు బదలాయింపు పత్రాల మీద సంతకాలయ్యాయి. బ్రిటన్ మ్యూజియం ఒకటి భారతదేశానికి ఇలా వస్తువులు తిరిగి ఇవ్వడం అదే మొదలు.

గ్లాస్గో దీన్ని దొంగసొత్తుగా ప్రకటించింది. అదే మ్యూజియం వివరాల్లో, హంటర్ దీన్ని హైదరాబాద్ ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ దగ్గర కొన్నాడని కూడా ఉంది. ఈ రెండు మాటలూ కలిపి చదివితే ప్రధానే దొంగ అన్న అర్థం వస్తుంది. ‘షాద్’ పేరుతో కవిత్వం రాసి, రెండు విడతలు దివాన్‌గిరీ చేసి, దానధర్మాలకు పేరు పడ్డ మనిషి గురించి ఇంత మాట అనాలంటే ఆధారం ఆ స్థాయిలో ఉండాలి. నిజాం చెబితే అమ్మాడా? నిజాం ఆయనకు బహుమానంగా ఇచ్చిన కత్తా? తెల్ల సైన్యాధిపతి ముచ్చటపడితే కాదనలేక ఇచ్చి, కాగితం మీద అమ్మకంగా రాశారా? రెసిడెన్సీ నీడలో బతికిన సంస్థానంలో అలాంటి ‘అమ్మకం’ ఎంత స్వేచ్ఛగా జరుగుతుందో ఊహించుకోవచ్చు. కత్తి తిరిగి ఇవ్వడం సరైన పనే, నాకు అందులో అనుమానం లేదు. కానీ వస్తువు వెనక్కి ఇచ్చే తొందరలో చరిత్రను ఒక్క మాటకు కుదించకూడదు. ఒక మనిషి పేరుకు మచ్చ తెచ్చే మాటైతే మరీనూ. ఆ లింకు నిర్ధారించాల్సింది సంస్థానం దస్తావేజులున్న మన రాష్ట్ర అభిలేఖాగారమే. ఫర్మానాలు, తోషాఖానా లెక్కలు చదవగల ఉర్దూ, ఫారసీ పండితులు ఇంకా మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి.

దోపిడీ, దొంగతనం, అమ్మకం – ఈ మూడింటిలో దేనికీ ఒదగని పెద్ద కేసు అమరావతిది. ధరణికోట పక్కన కృష్ణ ఒడ్డున ఉన్న దిబ్బను ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవాళ్లు. 18వ శతాబ్ది చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతికి మకాం మార్చి కొత్త ఊరు కట్టిస్తూ, రాళ్లకూ ఇటుకలకూ ఆ దిన్నెనే తవ్వించాడు. సంగతి తెలిసి 1797 ప్రాంతంలో కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లు మన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. మెకంజీ దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వేసి ఉంది. మిగిలిన శిల్పాలకు తన చిత్రకారులతో బొమ్మలు గీయించాడు, ఏ రాయి ఎక్కడ దొరికిందో పటం వేయించాడు. ఇవాళ అమరావతి స్తూపం ఎలా ఉండేదో మాట్లాడే ప్రతి పండితుడూ ఆ బొమ్మల మీద ఆధారపడాల్సిందే. ఎందుకంటే వాటిలో ఉన్న రాళ్లు కొన్ని తర్వాత ఎక్కడా కనబడలేదు.

ఆ తర్వాత కథ ఊరూరా చెల్లాచెదురవడమే. రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్నిటిని బండ్ల మీద మచిలీపట్నం తరలించి బజారుకు అలంకారంగా నిలబెట్టాడు. ఆ పేటకు ఆయన పేరే మిగిలింది. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపాడు. అవి ఏళ్ల తరబడి అక్కడ ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో వాటిలో 121 ఓడెక్కి లండన్ చేరాయి. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన గందరగోళంలో వాటిని పట్టించుకున్న నాథుడు లేడు. 1867లో పారిస్ ప్రదర్శనకు ఫొటోల కోసం వెతుకుతున్న జేమ్స్ ఫెర్గుసన్‌కు ఫైఫ్ హౌస్ బళ్ల కొట్టంలో కనిపించాయి. మరుసటి ఏడే ఆయన పెద్ద గ్రంథం వేసి వాటిని లోకానికి చూపాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియం తీసుకుని మెట్ల దారి గోడలకు బిగించింది. మంచి గ్యాలరీ కట్టి సరిగా పెట్టింది 1992లో.

ఇక్కడ దిన్నె దగ్గర 1877లో రాబర్ట్ సెవెల్ తవ్వాడు. మొత్తం తవ్వి శుభ్రం చేయమని 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ హుకుం వేశాడు. 1881లో జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉన్న చోట గొయ్యి మిగిలింది. బర్జెస్ తీసినవి మద్రాసు వెళ్లాయి. ఒక్క మహాచైత్యం ఇవాళ లండన్‌లో, చెన్నై ఎగ్మూరులో, కొల్‌కతాలో, పారిస్‌లో ముక్కలుగా ఉంది. అమరావతి వెళ్లి చూసేవాళ్లకు కనబడేది గుండ్రటి పునాది, విరిగిన పలకలు.

బ్రిటిష్ మ్యూజియం తరఫున చెప్పే మాట ఒకటుంది: మేం తీసుకురాకపోతే అవి సున్నం బట్టీలో పడేవి. ఇందులో నిజం లేకపోలేదు. పల్నాటి సున్నపురాయి మంచి సున్నం అవుతుంది, కొన్ని పలకలు నిజంగానే అలా కాలిపోయాయి. జమీందారు చేసిన ధ్వంసాన్ని తెల్లవాడి ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ కాపాడటం వేరు, సొంతం చేసుకోవడం వేరు. కాపాడామన్నవాళ్ల చేతుల్లోనే ఆ రాళ్లు బజారులో నిలబడ్డాయి, ఎండలో పడి ఉన్నాయి, బళ్ల కొట్టంలో మగ్గాయి. మెకంజీ బొమ్మల్లో ఉండి ఇప్పుడు కనబడనివి మాయమైంది కూడా ఈ దశలోనే. ఇక హక్కు సంగతి: అప్పటి చట్టం ప్రకారం ఎవరూ దొంగతనం చేయలేదు, ఎందుకంటే తీసుకున్నది పాలకుడే. చట్టం చేసేవాడూ తీసుకునేవాడూ ఒక్కడే అయినప్పుడు చట్టబద్ధం అన్న మాటకు నైతికంగా ఏమంత బరువుండదు.

లండన్‌లో ఉన్న ఒక పలకను దగ్గరగా చూస్తే పోగొట్టుకున్నది ఏమిటో తెలుస్తుంది. స్తూపం అడుగున ఉండే గుండ్రటి దిమ్మె చుట్టూ బిగించిన పలకల్లో ఒకటి. ఒక వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన మనుషులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని రోజుల పని అది, క్రీస్తుకు కాస్త ముందుది. అదే రాయిని మూడు వందల ఏళ్ల తర్వాత తిరగేసి వెనక వైపున మొత్తం స్తూపాన్నే చెక్కారు: గుమ్మం దగ్గర సింహాలు, ప్రాకారం, అయిదేసి ఆయక స్తంభాలు, పైన ఎగురుతున్న దేవతలు. రాతిని మళ్లీ వాడుకున్న శిల్పి పాత చెక్కడాన్ని చెరిపేయకుండా గోడ వైపుకు తిప్పి పెట్టాడు. ఒకే పలకలో మన నేల మీద బౌద్ధం నడిచిన మూడు శతాబ్దాల దారి ఉంది. తెలుగు పిల్లలు దీన్ని చూడాలంటే వీసా కావాలి. దీని మీద నాకు బాధ ఉంది, దాన్ని దాచుకోవలసిన అవసరం కనబడలేదు.

బ్రిటిష్ మ్యూజియం అడ్డుగా చూపేది 1963 నాటి చట్టం. కొన్ని మినహాయింపులు తప్ప సేకరణలోంచి దేన్నీ ఇచ్చేయకూడదని అది ధర్మకర్తల చేతులు కట్టేస్తుంది. చట్టం పార్లమెంటు చేసింది, మార్చగలిగేదీ పార్లమెంటే. గ్లాస్గో, హార్నిమన్‌లు ఇవ్వగలిగింది అవి ఆ చట్టం కిందికి రాకపోవడం వల్లే. కొల్లూరు గనిలో పుట్టిందని చెప్పే కోహినూరు గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. పసివాడైన దులీప్ సింగ్ చేత 1849 లాహోర్ ఒప్పందంలో రాయించుకున్నదాన్ని ‘బహుమతి’ అని 2016లో మన ప్రభుత్వ న్యాయవాదే సుప్రీంకోర్టులో అనడం మాత్రం నన్ను చాలా కాలం వెంటాడింది.

వలస పాలన నాటి కేసులు నైతిక వాదనల మీద నడిస్తే, నిన్నమొన్నటి దొంగతనాలు ఆధారాల మీద నడుస్తాయి. మనవైపు ఇందుకు మంచి ఉదాహరణ చందవరం. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున, సింగరకొండ మీద, 1970లలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో మహాస్తూపం, చెక్కడపు పలకలు బయటపడ్డాయి. అక్కడే భద్రపరిచిన శిల్పాల్లో కొన్ని చోరీ అయ్యాయి. వాటిలో ఒకటైన ‘బుద్ధుని ఆరాధకులు’ ఫలకాన్ని 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ న్యూయార్క్ వ్యాపారి నాన్సీ వీనర్ దగ్గర కొంది. అది భారతదేశంలో ఉండగా తీసిన ఫొటోలు బయటికొచ్చాక వాదన మిగల్లేదు. 2016 సెప్టెంబరు 19న కాన్‌బెర్రాలో మన సాంస్కృతిక మంత్రి మహేశ్ శర్మకు దాన్ని అప్పగించారు. ఆ డిసెంబరులోనే నాన్సీ వీనర్ అరెస్టయింది, 2021లో న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకుంది.

ఆ గ్యాలరీకి ఇది మొదటి దెబ్బ కాదు. తమిళనాడు శ్రీపురందాన్ గుడి నుంచి పోయిన నటరాజును వ్యాపారి సుభాష్ కపూర్ దగ్గర 2008లో 50 లక్షల డాలర్లకు కొని, 2014లో వెనక్కి ఇచ్చింది. కపూర్ 2011లో జర్మనీలో పట్టుబడ్డాడు. 2022లో కుంభకోణం కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. ఆ తలవంపుల తర్వాత గ్యాలరీ తన ఆసియా సేకరణను విశ్రాంత న్యాయమూర్తి సుసాన్ క్రెన్నన్ చేత పరిశీలింపజేసింది. చూసిన 36 వస్తువుల్లో 22 కాగితాలు నమ్మదగ్గవి కావని తేలింది. తన తప్పును తానే బయటపెట్టుకున్న మ్యూజియాన్ని మెచ్చుకోవాలి. అయితే అంత డబ్బు పెట్టేటప్పుడు ఒక్కసారి మన పురావస్తు శాఖకు ఫొటో పంపి అడిగితే పోయేదేమిటి?

చట్టాలు లేక కాదు. 1970 యునెస్కో ఒప్పందం దొంగసొత్తు వ్యాపారాన్ని నిషేధించింది. 1972 నాటి మన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాన్ని ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు, ఇంట్లో ఉంచుకున్నా రిజిస్టరు చేయించాలి. కోర్టుల్లో గెలిచిన కథలూ ఉన్నాయి. పత్తూరు నటరాజు కేసులో లండన్ కోర్టు, శిథిలమైన గుడికి సైతం తన దేవుణ్ణి అడిగే హక్కుందని ఒప్పుకుంది. 1991లో విగ్రహం తిరిగొచ్చింది. చట్టం పక్కాగా అవతలివాళ్ల వైపున్నా ఒత్తిడి పనిచేస్తుందని 2025లో పిప్రావా రత్నాలు చూపాయి. 1898లో బుద్ధధాతువులతో దొరికినవాటిలో తవ్వించిన పెప్పే కుటుంబానికి వదిలిన వాటా అది. హాంకాంగ్‌లో వేలానికి పెడితే ప్రభుత్వం అభ్యంతరంతో వేలం ఆగింది, జులైలో గోద్రెజ్ సంస్థ పూనికతో అవి దేశానికి వచ్చాయి. 2024లో అమెరికా ఒక్కసారే 297 వస్తువులు అప్పగించింది. లెక్క పెరుగుతోంది, సంతోషమే.

అడిగేవాళ్లం మన ఇంటి అల్మారా కూడా తెరిచి చూపించాలి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. నైషు అనే యువతిది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌన్లకు కొని ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇస్తే, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. డబ్బిచ్చి కొన్నదే. అయితే అమ్మినవాడికి ఆ దేహం ఎలా వచ్చింది, ఏ సమాధి తవ్వి తెచ్చాడు? గ్లాస్గోను మనం అడిగే ప్రశ్న ఇదే. ఇది శిల్పం కూడా కాదు, ఒకరు కన్న బిడ్డ. 2016లో ప్రాణవాయువు తగలని పెట్టెలో పెట్టి పాడవకుండా చూసుకున్న మ్యూజియం సిబ్బంది శ్రమను గౌరవిస్తూనే చెబుతున్నాను: ఆమె పూర్వాపరాలు తేల్చి, ఈజిప్టుతో మాట్లాడే చొరవ హైదరాబాద్ తీసుకుంటే అమరావతి గురించి మన గొంతుకు బలం వస్తుంది.

తిరిగొచ్చినవి ఎక్కడ ఉండాలన్నది ఇంకో చిక్కు. బెనిన్ విషయంలో 2023లో నైజీరియా అధ్యక్షుడు, యజమాని ఓబాయే అని ప్రకటించేసరికి, జాతీయ మ్యూజియంలో ఉంటాయనుకున్న యూరప్‌వాళ్లు కొందరు తటపటాయించారు. ఎవరి చేతికిచ్చినా అది ఆ దేశం చూసుకోవలసిన విషయమని, దాన్ని అడ్డుపెట్టి ఆగడం తగదని నేననుకుంటాను. మన దేశంలో తిరిగొచ్చిన వాటిలో చాలావాటికి ఢిల్లీ గమ్యం. పురానా ఖిలాలో వాటికోసం గ్యాలరీయే ఉంది. చందవరం రాయి గుండ్లకమ్మ ఒడ్డుకూ, నిజాం కత్తి హైదరాబాద్‌కూ రావాలి. ఊరికి భద్రత లేదంటే భద్రత కల్పించాలి గానీ ఊరినే మర్చిపోకూడదు. ఎగ్మూరులో ఉన్న అమరావతి శిల్పాలు దేశంలోనే, ప్రజల మ్యూజియంలోనే ఉన్నాయి కాబట్టి వాటిని లండన్ వాటితో కలపను. కనీసం విడతలవారీగా అయినా అమరావతికి అప్పుగా తెప్పించుకోవడం రెండు ప్రభుత్వాలు కూర్చుంటే అయ్యే పని.

ఇన్ని కేసులు కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టం. వస్తువు తిరిగి వచ్చిందా లేదా అన్నది ఎక్కువగా తేలుతున్నది, అది పోకముందు దాన్ని ఎవరైనా నమోదు చేశారా అన్నదాని మీదే. చందవరం ఫలకాన్ని ఫొటో తెచ్చింది. మెకంజీ పటం లేకపోతే అమరావతి రాళ్లకు చోటే తెలిసేది కాదు. కాగితం లేని రాయి ఎవరింట్లో ఉంటే వాళ్లదే.

అందుకే నా దృష్టి లండన్ కన్నా ముందు మన పక్క మండలాల మీదికి పోతుంది. కీసరగుట్ట శామీర్‌పేటకు దూరమేమీ కాదు. రామలింగేశ్వరుడి గుడి చుట్టూ కొండంతా శివలింగాలే. తవ్వకాల్లో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. శిల్పులు తమ గుర్తుగా ‘తొలచువాండ్రు’ అని బండ మీద చెక్కుకున్న శాసనం అక్కడే ఉంది. పేరున్న చోటు కాబట్టి దానికి కొంత రక్షణ ఉంది. దాని చుట్టూ మేడ్చల్, శామీర్‌పేట, కీసర ఊళ్లలో చెరువు కట్టల మీద, వేపచెట్ల కింద, పాత గుళ్ల వెనక నిలబడ్డ వీరగల్లులకు, నాగప్రతిమలకు, విరిగిన నందులకు ఆ పేరు లేదు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఈ ఊళ్ల రూపురేఖలు మారాయి. పొలం లేఅవుటవుతుంది, పాత గుడి విప్పి కొత్తది కడతారు, జేసీబీ పక్కకు నెట్టిన రాయి మట్టిలో కలుస్తుంది, లేదా ఫామ్‌హౌస్ తోటకు అందంగా చేరుతుంది. దేశం మొత్తం మీద కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాల్లోనే 92 కనబడటం లేదని 2013లో కాగ్ చెప్పింది. ఏ జాబితాలోనూ లేని ఊరి రాళ్ల గతి ఏమిటి?

2007లో మొదలైన జాతీయ మిషన్ పురావస్తువుల జాబితా పని చేపట్టింది గానీ అది ప్రతి చెట్టు కిందికీ చేరే పని కాదు. ఊళ్లోనే జరగాలి. మ్యూజియాలూ పోలీసులూ ప్రపంచమంతా వాడే ఆబ్జెక్ట్ ఐడీ అనే నమూనా ఒకటుంది, అది పేజీకి మించదు. వస్తువు ఏమిటి, దేనితో చేసింది, ఎత్తు వెడల్పులెంత, మీద రాత ఉందా, ఎక్కడ విరిగింది, ఏ మచ్చ ఉంది, నాలుగు వైపులా ఫొటోలు. విరుపు, మచ్చ ముఖ్యం; ఒకే అచ్చులాంటి రెండు నాగప్రతిమల్లో మన ఊరిది ఏదో కోర్టులో తేల్చేది అవే. దీనికి రాయి ఉన్న సర్వే నంబరు, ఊరివాళ్లు దాన్ని పిలిచే పేరు, జాతరలో దానికి పసుపు రాసే ఇంటివాళ్ల వివరం చేర్చి, ఒక ప్రతి గ్రామ పంచాయతీ లేదా మున్సిపాలిటీలో, ఒకటి రాష్ట్ర పురావస్తు శాఖలో ఉంచాలి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు అధికారులు చెరువు హద్దు, నాలా హద్దు చూస్తున్నట్టే ఈ రిజిస్టరూ చూడాలి. హైస్కూలు పిల్లలు, వాళ్ల సోషల్ టీచరు, ఒక టేపు, ఒక ఫోను ఉంటే మొదలుపెట్టవచ్చు.